స్లైడ్‌లో ఏమీ లేదన్నారు కదా, డాక్టర్ గారూ!

మొన్న మా విశాఖలోని మర్రిపాలెం నుంచి ఒకావిడ తన లాబ్రడార్‌ని ఆటోలో తెచ్చారు. వాడు తిండి మానేసి 9 రోజులైంది. చిగుళ్లు పాలిపోయాయి, పొట్ట కింద ఎర్రటి చుక్కలు. ప్లేట్‌లెట్లు లక్షన్నరకు పైన ఉండాల్సింది, 18 వేలకు పడిపోయాయి. ఆవిడ ఫోన్‌లో వారం కిందటి రిపోర్టు చూపించి, "స్లైడ్‌లో ఏమీ లేదన్నారు కదా, డాక్టర్ గారూ! మరి వీడెందుకిలా అయిపోయాడు?" అన్నారు. ఆవిడ తప్పేం లేదు. నెగటివ్ అని రాసుంటే ఎవరైనా ఊపిరి పీల్చుకుంటారు. పిడుదుల వల్ల కుక్కలకు వచ్చే టిక్ ఫీవర్ విషయంలో ఈ మాట నెలలో కనీసం పదిసార్లు వింటున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: బ్లడ్ స్మియర్‌లో (రక్తపు చుక్కను స్లైడ్ మీద పూసి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) క్రిమి కనపడలేదంటే టిక్ ఫీవర్ లేనట్టే.

వాస్తవం: కనపడితే ఉన్నట్టు. కనపడకపోతే లేనట్టు కాదు.

టిక్ ఫీవర్ తెచ్చే క్రిముల్లో ముఖ్యమైనవి రెండు, ఎర్లీషియా, బబేసియా. ఎర్లీషియా దాక్కునేది తెల్లకణాల్లో, ముఖ్యంగా మోనోసైట్లలో. మైక్రోస్కోప్‌లో మనకు దొరికే ఆ క్రిముల చిన్న ముద్ద, అదే మొరులా, జ్వరం కొత్తలో ఏ కొద్ది కణాల్లోనో ఉంటుంది. జబ్బు ముదిరాక గంటసేపు వెతికినా దొరక్కపోవచ్చు. బబేసియా ఉండేది ఎర్రకణాల్లో. అందులో వోగెలి అనే రకం కాస్త పెద్దది, బేరిపండు ఆకారంలో జంటగా కనిపిస్తుంది. గిబ్సొని అనే రకం మరీ చిన్నది, చూసేవాళ్ల కన్ను అలసిపోయి ఉంటే దాటిపోతుంది. (ఈ గిబ్సొని పరాయిదేం కాదు. 1910లో ప్యాటన్ అనే పరిశోధకుడు దీన్ని మొదట వర్ణించింది మద్రాసు వేటకుక్కల రక్తంలోనే, తర్వాత నక్కల్లోనూ చూశాడు.) చెవి అంచు నుంచి తీసిన చుక్కతో అప్పటికప్పుడు స్లైడ్ చేస్తే బబేసియా దొరికే అవకాశం ఎక్కువ. గాజువాకలో తీసిన రక్తం మధురవాడ ల్యాబ్‌కి సాయంత్రానికి చేరితే కణాల ఆకారమే మారిపోతుంది.

అందుకే నేను స్లైడ్ ఒక్కటే చూడను. ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్, చిగుళ్ల రంగు, మూత్రం రంగు అన్నీ కలిపి చూస్తాను. అనుమానం గట్టిగా ఉంటే పీసీఆర్‌కి (రక్తంలో క్రిమి జన్యువును వెతికే పరీక్ష) పంపి, రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెడతాను. రక్తం మాత్రం మొదటి టాబ్లెట్‌కి ముందే తీయాలి. మందు పడ్డాక పీసీఆర్ కూడా నెగటివ్ రావచ్చు.

ఈ పాఠం నాకు పుస్తకంలో దొరకలేదు. ప్రాక్టీసు కొత్తలో కంచరపాలెంలో మా ఇంట్లోనే ఒక వీధికుక్కను పెంచాం, నల్లోడు. జ్వరం వచ్చింది. స్లైడ్ నేనే చేశాను, అరగంట నేనే చూశాను, ఏమీ లేదు. "అరగలేదంతే" అని అమ్మకి చెప్పాను. ఐదో రోజు ముక్కులోంచి రక్తం మొదలైంది, ఎనిమిదో రోజు పోయాడు. అమ్మ ఇప్పటికీ వాడి ఊసెత్తదు.

రక్తపు చుక్క వేస్తే గీత చూపించే కార్డు టెస్టుదీ ఇలాంటి గొడవే. ఎర్లీషియాకి వాడే కార్డు చూసేది క్రిమిని కాదు, యాంటీబాడీలను. మొదటి వారంలో అవి తయారుకాక నెగటివ్ రావచ్చు. నయమయ్యాక నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి పాజిటివ్ వస్తూనే ఉంటుంది. గెంతుతూ తిరిగే కుక్కకి ఆ గీత చూసి మళ్లీ కోర్సు వేయించకండి.

అపోహ: టిక్ ఫీవర్‌కి ఒక ఇంజక్షన్ చాలు.

వాస్తవం: ఎర్లీషియా బ్యాక్టీరియా, బబేసియా ప్రొటోజోవా, అంటే ఏకకణ జీవి. ఒకదాని మందు రెండోదానికి చాలదు. ఎర్లీషియాకి డాక్సీసైక్లిన్ 28 రోజులు. వోగెలికి ఇమిడోకార్బ్, 14 రోజుల తేడాతో రెండు ఇంజక్షన్లు. గిబ్సొని దానికి సరిగా లొంగదు, అటోవాక్వోన్‌తో అజిత్రోమైసిన్ 10 రోజులు వాడాలి, ఖర్చు ఎక్కువే. ఇంకో మాట, డాక్సీ టాబ్లెట్‌ని పెరుగన్నంలో దాచి పెడుతున్నారు. పాలు, పెరుగు ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వవు. కోడికూర అన్నంలో పెట్టండి, పైన కాసిని నీళ్లు తాగించండి.

మిగతావి గబగబా. ఒంటి మీద పిడుదు కనపడటం లేదా? రక్తం తాగాక అది రాలిపోయి గోడ పగుళ్లలో దూరుతుంది, జ్వరం బయటపడేది ఒకటి నుంచి మూడు వారాల తర్వాత. మన ఉక్కపోతలో వాటికి సీజన్ అంటూ లేదు. బొప్పాయి ఆకు రసంతో ప్లేట్‌లెట్లు పెరుగుతాయని వాట్సాప్‌లో పంపినాయన ఎవరో గానీ, వాంతులతో వచ్చిన కుక్కలకు సెలైన్ ఎక్కించేది మేం. కిరోసిన్ పూయడం గురించి నన్ను అడగొద్దు, కోపం వస్తుంది. పిల్లలకి అంటుకుంటుందేమోనని టెన్షన్ పడేవాళ్లకి: కుక్కని ముట్టుకుంటే, ముద్దు చేస్తే ఈ జ్వరం రాదు. పిడుదును మాత్రం ఒట్టి చేత్తో నలపకండి.

మర్రిపాలెం వాడికి రక్తం ఎక్కించాం, డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాం. నిన్నటికి నాలుగో రోజు. లేచి గుడ్డు తిన్నాడని ఆవిడ వీడియో పంపారు. దాని కిందే ఇంకో మెసేజ్: "తింటున్నాడు కదా డాక్టర్ గారూ, ఇక టాబ్లెట్లు ఆపేయొచ్చా?"

ఇంకా 24 రోజులున్నాయమ్మా.