త్రీ నాట్ త్రీ ఖోకాలు: పిల్లలకు ఉత్తరం

దేవరకొండ

చింటూ, అమ్ములూ,

భీమిలి దగ్గర సముద్రం ఒడ్డున మీరు ఏరుకొచ్చిన ఇత్తడి గొట్టాల ఫొటోలు మీ నాన్న వాట్సాప్‌లో పంపిండు. "తాతా, ఇవి నిజం బుల్లెట్లేనా? జపాన్ వాళ్లవా?" అని మీరు పెట్టిన వాయిస్ మెసేజ్ కూడా విన్నాను. ఫోన్‌లో చెప్తే సగమే వింటారు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు మూడో ఫొటో సంగతి. ఇసుకలో సగం కూరుకుపోయి, బొటనవేలి కంటే లావుగా ఒకటి కనిపిస్తోంది చూడండి. "ఎంత లాగినా రాలేదు తాతా" అంది అమ్ములు. రాకపోవడమే మంచిదైంది బిడ్డా. ఆ సైజు వాటిలో కొన్నింటికి గుండు లోపల కూడా పేలుడు మందు ఉంటుంది. ఎన్నేళ్లు నీళ్లలో నానినా అది చచ్చిపోయిందని అనుకోవడానికి లేదు. మీ నాన్నతో అక్కడి పోలీసులకు ఫోన్ చేయించి చోటు చెప్పించాను. అలాంటిది కనబడితే లాగొద్దు, తన్నొద్దు, పక్కన నిలబడి సెల్ఫీ దిగొద్దు. దూరం జరిగి 112కి ఫోన్ చేయాలి, అంతే.

ఇక మీ రెండు గొట్టాలు. ఇవి బుల్లెట్లు కావు, బుల్లెట్ వెళ్లిపోయాక మిగిలినవి. తూటాకి ముందు గుండు, వెనక ఇత్తడి గొట్టం, గొట్టంలో మందు, అడుగున మధ్యలో చిన్న క్యాపు ఉంటాయి. ట్రిగ్గర్ నొక్కితే సూది ఆ క్యాపును పొడుస్తుంది. నిప్పు పుట్టి మందు అంటుకుంటుంది, గ్యాసు గుండును తోసేస్తుంది. మిగిలిన గొట్టాన్ని ఆర్మీలో మేం ఖోకా అనేవాళ్లం. మీ రెండింటికీ క్యాపు మధ్యలో గుంట పడి ఉంది, మూతి తెరుచుకుని లోపల ఖాళీగా ఉంది. కాల్చేసినవే. భయం లేదు.

కానీ గుండు లేదు కాబట్టి ఖాళీదే అని ఎప్పుడూ అనుకోకండి. చప్పుడు కోసమే కాల్చే బ్లాంక్ తూటాలకు గుండు ఉండదు, మూతిని పువ్వులా ముడిచి ఉంచుతారు. లోపల మందు మాత్రం ఉంటుంది. క్యాపుకు గుంట ఉండి, గుండు ఇంకా లోపలే ఉందంటే అది పేలకుండా ఆగిపోయిన తూటా. నాకు అన్నింటికన్నా టెన్షన్ పెట్టేది అదే.

ఇత్తడితోనే ఎందుకు చేస్తారో చెప్తాను. మందు కాలిన క్షణంలో గొట్టం ఉబ్బి తుపాకీ లోపలి గోడకు అతుక్కుంటుంది. లేకపోతే ఆ మంట సిపాయి మొహం మీదికే వస్తుంది. మరుక్షణం కాస్త ముడుచుకోవాలి, లేకపోతే బయటికి రాదు. ఈ రెండూ చేసే లోహం ఇత్తడి. అందులో సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. ఉప్పు నీళ్లలో ఏళ్ల తరబడి ఉంటే జింకు మెల్లగా కరిగిపోయి రాగి గుల్లగా మిగులుతుంది. రెండో దాని అంచున గులాబీ రంగు మచ్చ ఉంది చూశారా, అదే. చింతపండు పెట్టి తోమితే మెరుస్తుంది గానీ, ఉన్న అక్షరాలు కూడా పోతాయి. తోమకండి.

ఇప్పుడు జపాన్ సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన మాట నిజం. చింటూ స్కేలు పెట్టి 56 మిల్లీమీటర్ల పొడవు అని కొలిచాడు, శభాష్. అది త్రీ నాట్ త్రీ అనే బ్రిటిష్ కాలపు రైఫిల్ ఖోకా. తుపాకీ గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో వెయ్యింట 303 వంతులు, అంటే 7.7 మిల్లీమీటర్లు, అందుకే ఆ పేరు. తమాషా ఏమిటంటే, జపాన్ నేవీ విమానాల మిషన్ గన్ తూటా కూడా బ్రిటిష్ వాళ్ల ఈ తూటా కొలతలతో చేసిందే! కాబట్టి స్కేలుతో తేలదు. అడుగు చూడాలి.

మొదటి దాని అడుగున కె, ఎఫ్ అనే అక్షరాలు, రోమన్ అంకె ఏడు, 43 కనిపిస్తున్నాయి. కె ఎఫ్ అంటే పుణె దగ్గరి కిర్కీ ఫ్యాక్టరీ. ఏడు ఆ తూటా రకం. 43 అంటే 1943. అంటే జపాన్ వాళ్లది కాదు, మన దేశంలోనే తయారైంది, అదీ ఆ బాంబులు పడ్డ మరుసటి ఏడాది. నిరాశ పడ్డారా? అయితే 1943లోనే కాల్చారని కూడా చెప్పలేం. త్రీ నాట్ త్రీ అంత తొందరగా రిటైరైన తుపాకీ కాదు. 1962లో చైనాతో యుద్ధంలో మన జవాన్లు దాన్నే పట్టుకుని నిలబడ్డారు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020లో గానీ దానికి వీడ్కోలు చెప్పలేదు. తయారైన ఏడాది అడుగున ఉంటుంది, కాల్చిన ఏడాది ఎక్కడా ఉండదు.

ఒడ్డుకు ఎలా వచ్చాయంటారా? మా ఫైరింగ్ రేంజ్‌లో యాభై రౌండ్లు ఇస్తే యాభై ఖోకాలు తిరిగి జమ చేయాలి. ఒక్కటి తగ్గినా అందరం వరసగా వంగి గడ్డిలో వెతకాల్సిందే, అవతల అన్నం చల్లారిపోతున్నా సరే. ఓడ మీది నుంచో విమానంలోంచో కాలిస్తే మాత్రం నీళ్లలో పడ్డవాటిని ఎవరు ఏరుతారు? తుఫాను అలలు తేలిక ఇసుకను లాక్కుపోయినప్పుడు బరువైనవి బయటపడతాయి. పైగా యుద్ధం అయ్యాక మిగిలిన మందుగుండును సముద్రంలో పారేసిన దేశాలున్నాయి. స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్ మధ్య ఉన్న బోఫర్ట్స్ డైక్ అనే లోతులో బ్రిటన్ పది లక్షల టన్నులకు పైగా పారబోసింది. 1995లో అక్కడి నుంచి వేల కొద్దీ ఫాస్ఫరస్ బాంబులు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. తెల్ల ఫాస్ఫరస్ తడిగా ఉన్నంతసేపు ఊరుకుంటుంది. ఆరి, ముప్పై డిగ్రీల వేడి తగిలితే జేబులోనే అంటుకుంటుంది. మన నల్లగొండ ఎండల సంగతి నేను చెప్పాలా?

మనకు సముద్రం లేదు గదా అని ఊరుకోకండి. మన దగ్గర రాళ్ల క్వారీలున్నాయి, పేల్చి తవ్విన బావులున్నాయి. సన్నటి అల్యూమినియం గొట్టం, దానికి రంగు రంగుల తీగలు కనిపిస్తే అది డిటోనేటర్. చూడ్డానికి ఆటవస్తువులా ఉంటుంది, కొడితే వేళ్లు పోతాయి. పాత సామానోడికి అమ్మితే పది రూపాయలొస్తాయని దాన్ని ముట్టుకున్నారని తెలిస్తే నేనే వచ్చి వీపులు సాఫ్ చేస్తా.

చింటూ కీచైన్ చేసుకుంటానన్నాడట. వద్దు నాన్నా. మెట్రో స్కానర్‌లో ఖాళీ ఖోకా కనబడినా బ్యాగు విప్పించి మీ నాన్నను నిలబెడతారు. లైసెన్సు లేకుండా గుండున్న తూటా దగ్గర పెట్టుకుంటే 1959 ఆయుధాల చట్టం కింద నేరమే. ఈ రెండింటినీ ఆదివారం మీ నాన్నతో వెళ్లి పోలీస్ స్టేషన్‌లో ఇచ్చేయండి. ఎక్కడ దొరికాయో కాగితం మీద రాసి ఇవ్వండి.

ఇచ్చే ముందు ఒక పని ఉంది. రెండో దాని అడుగు ఫొటో మసకగా వచ్చింది. కిటికీ దగ్గర, వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి మళ్లీ తీసి పంపండి. ఏ ఏడాదిదో చూస్తాను.

మీ తాత