చెట్టు కింద లెక్కల పీరియడ్

కెనడాలోని క్యూబెక్‌లో 2023లో 33 ప్రాథమిక బడులు, వెయ్యి మందికి పైగా పిల్లలతో ఒక ప్రయోగం జరిగింది. 10–12 ఏళ్ల వాళ్లు. కొన్ని బడుల పిల్లలు వారానికి 2 గంటలు, 12 వారాలపాటు దగ్గర్లోని పార్కులో చదువుకున్నారు. చెప్పింది మామూలు లెక్కలు, భాష, సైన్సే. దాంతోపాటు చెట్టు బొమ్మ గీయడం, నిదానంగా నడవడం లాంటి పని ఓ 10, 15 నిమిషాలు. మొత్తం పిల్లల్ని కలిపి చూస్తే తేడా పెద్దగా లేదు. కానీ మొదటి నుంచీ దిగులు, బెరుకు, ధ్యాస నిలవకపోవడం ఎక్కువగా ఉన్న పిల్లల్లో అవి ఎక్కువగా తగ్గాయి. నాకు ఇదే గొప్ప విషయం. ఎవరినీ వేలెత్తి చూపకుండా, అవసరం ఉన్న పిల్లలకే మేలు అందింది.

ఎందుకలా? బోర్డు మీద చూపు నిలపాలంటే మిగతావన్నీ పట్టుబట్టి పక్కకు నెట్టాలి. ఆ శక్తి అలసిపోతుంది. కదిలే ఆకు, పాకే చీమ మాత్రం చూపును వాటంతటవే లాక్కుంటాయి, అలసిన ధ్యాస ఆ కాసేపు తేరుకుంటుంది. రేచల్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు చెప్పిన సిద్ధాంతమిది.

మన బడిలో వేపో కానుగో ఒక్కటుంటే చాలు. ఐదుగురికో జట్టు, జట్టుకు 4 మీటర్ల పురికొస. కొసలు ముడేసి, నాలుగు మూలలా రాళ్లు పెడితే చదరపు మీటరు గడి. అందులో రాలిన ఆకులు లెక్కపెట్టాలి. జట్ల లెక్కలకు సగటు కట్టి, నీడ వైశాల్యంతో గుణిస్తే చెట్టు కింద మొత్తం ఆకులెన్నో అంచనా తేలుతుంది. చివరి 10 నిమిషాలు మాటల్లేవు, గడిలో కనబడింది గీయడమే.

మొదటి రెండు మూడు సార్లు గోల తప్పదు. ఆటల పీరియడనుకుంటారు. అక్కడే చాలామంది మానేస్తారు, మానకూడదు. వారంలో అదే రోజు, అదే చోటు పెడితే సర్దుకుంటారు. ఎండ టీచరు మొహాన పడాలి, పిల్లల కళ్లలో కాదు. కాగితాలు ఎగిరిపోకుండా పరీక్ష అట్టలు, క్లిప్పులు కావాలి. చీమల పుట్టలున్నాయేమో ముందే చూసుకోవాలి. మార్చి వచ్చిందంటే మొదటి పీరియడే మేలు.

ఇది వైద్యం కాదు. రెండు వారాలుగా నిద్ర, తిండి, స్నేహాలు తగ్గిన పిల్లనో పిల్లాడినో చూస్తే ఇంట్లోవాళ్లతో మాట్లాడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.