షాక్ వేవ్ థెరపీ, ఎముకలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: కరెంటు షాక్ ఇస్తారు.

మొన్న ఒక పెద్దావిడ మెషిన్ చూడగానే గాజులు తీసి కూతురి చేతిలో పెట్టేశారు. ఇందులో ఒంట్లోకి వెళ్లేది కరెంటు కాదు, ధ్వని తరంగం. జెల్ రాసి హ్యాండ్‌పీస్ ఆనిస్తే టక్ టక్‌మని కొడుతుంది. నొప్పి ఉన్నచోట కాస్త గట్టిగానే తగులుతుంది. పళ్లు బిగించి ఓర్చుకోకండి, చెబితే తగ్గిస్తాం.

అపోహ: ఎముక పొడైపోతుంది.

ఈ తరంగాలను మొదట మనుషులకు వాడింది కిడ్నీ రాళ్లు పగలగొట్టడానికే, 1980లో, జర్మనీలోని మ్యూనిక్‌లో. రాయినే పిండి చేసేది ఎముకను వదులుతుందా అని అడగడం న్యాయమే. డాక్టర్లకూ ఆ అనుమానం వచ్చింది. పరిశీలిస్తే జరిగింది వేరు: సరైన మోతాదులో తరంగం తగిలిన చోట ఎముకను కట్టే కణాలు పనిలోకి దిగుతున్నాయి, కొత్త రక్తనాళాలు మొలుస్తున్నాయి. 1991లోనే బల్గేరియా వైద్యులు అతకని ఎముకలకు దీన్ని వాడి ఫలితాలు ప్రచురించారు.

అపోహ: విరిగిన ఏ ఎముకైనా దీంతో అతుక్కుంటుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. నెలలు గడిచినా అతకని ఎముకకు రాడ్డో ప్లేటో గట్టి పట్టు ఇస్తూ, ముక్కల మధ్య ఖాళీ కొద్దిగానే ఉంటే, మళ్లీ ఆపరేషన్‌కు ముందు ప్రయత్నించదగ్గ చికిత్స ఇది. ముక్కలు కదులుతున్నా, చీము పట్టినా, ఖాళీ ఎక్కువున్నా దీని మీద ఆశ పెట్టుకోవద్దు. పైగా లోతుకు చేరే ఫోకస్డ్ మెషిన్ కావాలి. చాలా ఫిజియోథెరపీ సెంటర్లలో ఉండే రేడియల్ మెషిన్ బలం పైపైనే తగ్గిపోతుంది. డబ్బు కట్టేముందు ఏ మెషినో అడగండి. ఫలితం వారంలో రాదు, ఎక్స్‌రేలో తేడా కనపడటానికి నెలలు పట్టొచ్చు. ఈలోపు చుట్ట, సిగరెట్ మానాల్సిందే. పొగ ఎముక అతుకును వెనక్కి లాగుతుంది.

అపోహ: మడమ ముల్లు కరిగిపోతుంది.

కరగదు. అది మడమ ఎముకకు ముల్లులా పెరిగిన ఎముకే. చాలామందికి నొప్పి తగ్గుతుంది, ముల్లు మాత్రం అలాగే ఉంటుంది.

అపోహ: గుల్లబారిన ఎముకలు గట్టిపడతాయి.

జంతువులపై ప్రయోగాలు ఆశ కలిగించిన మాట నిజమే. కానీ ఆస్టియోపోరోసిస్‌కు ఇది నిరూపితమైన చికిత్స కాదు. దీన్ని నమ్ముకుని డాక్టర్ రాసిన మందులు ఆపేయకండి, దయచేసి.

గర్భంతో ఉన్నా, ఆ భాగంలో కణితి ఉన్నా ముందే చెప్పండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే చీటీ వెంట తెచ్చుకోండి. "అది గుండెకు వాడేదిలే" అని ఇంట్లో వదిలేసి రాకండి.