తోటి పిల్లలను వేధించడం: అపోహలు - వాస్తవాలు

నేను బడి పిల్లలతో పనిచేసే మనస్తత్వ నిపుణురాలిని. తమ బిడ్డను తరగతిలో ఏడిపిస్తున్నారని చెప్పుకోవడానికి వచ్చే తల్లిదండ్రులను, ఫిర్యాదు అందుకొని ఏం చేయాలో తోచక సలహా అడిగే ప్రధానోపాధ్యాయులను తరచూ కలుస్తుంటాను. వారందరికీ పిల్లల మీద ప్రేమ ఉంది. అయినా ఈ విషయంలో మనలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు వారిని తప్పు దారి పట్టిస్తున్నాయి. వేధింపు అనేది ఇద్దరు పిల్లల స్వభావాలకు సంబంధించిన సంగతి అనీ, ఒకరిని దండించి మరొకరిని ఓదారిస్తే సరిపోతుందనీ అనుకోవడమే ఆ నమ్మకాలన్నిటికీ మూలం. నిజానికి వేధింపు తరగతి చూస్తుండగా, తరగతిలో దొరికే గుర్తింపు కోసం జరుగుతుంది. అందువల్ల దాన్ని ఆపే ప్రయత్నం కూడా తరగతి నుంచే మొదలు కావాలి.

అపోహ: పిల్లలన్నాక తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, పెద్దలు తలదూర్చకూడదు.

వాస్తవం: సమాన బలం ఉన్న ఇద్దరు పిల్లలు ఆటలో గొడవపడి మర్నాటికి కలిసిపోతే, అక్కడ పెద్దల పని లేదన్న మాట నిజమే. వేధింపు అలాంటిది కాదు. నార్వేలో ఈ అంశంపై తొలి విస్తృత పరిశోధనలు చేసిన డాన్ ఓల్వియస్ దానికి మూడు లక్షణాలు చెప్పారు: బాధపెట్టాలన్న ఉద్దేశం, పదే పదే జరగడం, బలాల్లో అసమానత. నా దృష్టిలో మూడోదే అన్నిటికంటే ముఖ్యం. ఆ బలం కండబలమే కానక్కర్లేదు. మన బడుల్లో అది కులం కావచ్చు, ఒంటి రంగు కావచ్చు, తండ్రి హోదా కావచ్చు, ఇంగ్లీషు గడగడా మాట్లాడగలగడం కావచ్చు. హాస్టళ్లలో అయితే పై తరగతి చదువుతుండటమే చాలు.

1982 చివరలో ఉత్తర నార్వేలో ముగ్గురు బాలురు ఆత్మహత్య చేసుకున్నారు. తోటి పిల్లల వేధింపులే అందుకు కారణమై ఉండవచ్చన్న వార్తలు దేశాన్ని కదిలించడంతో, మరుసటి ఏడాది అక్కడి ప్రభుత్వం అన్ని బడుల్లోనూ నివారణ కార్యక్రమం చేపట్టింది. బ్రిటన్‌లో 1958లో పుట్టినవారిని దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చిన అధ్యయనంలో, చిన్నప్పుడు తరచూ వేధింపులకు గురైనవారిలో 45 ఏళ్ల వయసులో కూడా కుంగుబాటు, ఆందోళన మిగతావారికంటే ఎక్కువగా కనిపించాయి. ఇంత దూరం వెంటాడే బాధను ‘పిల్లల గొడవ’ అని కొట్టిపారేయడం అన్యాయం.

అపోహ: ఏడిపించే పిల్లవాడు లోలోపల పిరికివాడు, ఆత్మవిశ్వాసం లేనివాడు.

వాస్తవం: ఈ మాట వినడానికి ఊరటగా ఉంటుంది, అందుకే ఇంతగా వ్యాపించింది. అయితే పైకి దుడుకుగా కనిపించే పిల్లలు లోపల బెదురుతూ ఉంటారేమో అని ఓల్వియస్ ప్రత్యేకంగా పరీక్షించి చూసినప్పుడు, వారిలో ఆందోళన సగటున ఉండటమో, అంతకంటే తక్కువగా ఉండటమో కనిపించింది తప్ప ఎక్కువగా లేదు. అమెరికాలోని నార్త్ కరోలినా బడుల్లో జరిగి 2011లో ప్రచురితమైన మరో అధ్యయనం ప్రకారం, స్నేహితుల మధ్య స్థానం పెరిగేకొద్దీ దూకుడు కూడా పెరుగుతుంది. అందరికంటే పైన ఉన్న అతి కొద్దిమందిలో మాత్రమే అది తగ్గుతుంది. అంటే పైకి ఎక్కాలని చూస్తున్నవారే ఎక్కువగా తొక్కుతారు, ఎక్కేసినవారికి ఆ అవసరం ఉండదు.

ప్రాథమిక పాఠశాల దాటి హైస్కూలులో చేరినప్పుడో, ఐదో తరగతిలో గురుకులంలో అడుగుపెట్టినప్పుడో, అప్పటిదాకా ఎవరి స్థానం ఏమిటో తెలిసిన పిల్లలు ఒక్కసారిగా కొత్త గుంపులో పడతారు. ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అన్న లెక్క మళ్లీ మొదటి నుంచి తేలాలి. ఒక బక్కపలచని పిల్లవాడికి వెక్కిరింపు పేరు పెట్టి పిలిస్తే నలుగురూ నవ్వారంటే, పిలిచినవాడికి ఆ నవ్వే జీతం. అందుకే అతనికి ‘మంచిగా ఉండు నాన్నా’ అని చెప్పే హితబోధ పనిచేయదు; అతను చేసేదాని వల్ల అతనికి దక్కుతున్న లాభాన్ని మనం ముట్టుకోలేదు కాబట్టి.

అయితే అందరూ ఇలాంటివారు కాదు. ఒకచోట దెబ్బలు తింటూ మరోచోట తమకంటే చిన్నవారిని కొట్టే పిల్లలు కొందరుంటారు. నిజంగా ఆందోళనతో, ఒంటరితనంతో బాధపడేది వీరే, సహాయం అత్యవసరమయ్యేదీ వీరికే. ఇంట్లో కఠినమైన శిక్షలు, కొట్లాటలు చూసి వచ్చినవారు వీరిలో ఎక్కువగా కనిపిస్తారు. బడిలో పెద్దల ప్రవర్తన ప్రభావం కూడా తక్కువదేమీ కాదు. మార్కులు తక్కువ వచ్చిన విద్యార్థిని ఉపాధ్యాయుడే అందరి ముందు ఎగతాళి చేస్తే, ఎవరిని ఎగతాళి చేయవచ్చో తరగతికి ఆయనే చూపించినట్టు అవుతుంది. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ శారీరక దండననే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించిందన్న సంగతి ప్రతి స్టాఫ్‌రూమ్‌లోనూ చర్చకు రావాలి.

అపోహ: పక్కన నిలబడి చూసేవారికి దీనితో సంబంధం లేదు.

వాస్తవం: పరిశోధన అందించిన అన్ని ఫలితాల్లో నాకు అత్యంత విలువైనదిగా అనిపించేది ఇక్కడే ఉంది. కెనడాలోని టొరంటోలో పరిశోధకులు బడి మైదానాల్లో పిల్లల ప్రవర్తనను వీడియో తీసి పరిశీలించారు. వేధింపు జరిగిన సందర్భాల్లో 88 శాతం వాటిలో తోటి పిల్లలు అక్కడే ఉన్నారు, కానీ వారిలో ఎవరైనా కలగజేసుకున్నది 19 శాతం సందర్భాల్లోనే. అలా కలగజేసుకున్నప్పుడు సగానికి మించి, అంటే 57 శాతం సార్లు, పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది.

ఫిన్లాండ్‌కు చెందిన క్రిస్టీనా సల్మివల్లి 1996లో తరగతిలోని పాత్రలను విడదీసి చూపించారు: వేధించేవారు, వారికి చేయి కలిపేవారు, నవ్వి ప్రోత్సహించేవారు, పట్టించుకోనట్టు పక్కకు తప్పుకొనేవారు, అడ్డుపడేవారు, బాధితులు. ఈ అవగాహన ఆధారంగా తుర్కు విశ్వవిద్యాలయం రూపొందించిన కివా కార్యక్రమాన్ని 2009 నుంచి ఆ దేశమంతటా అమలు చేశారు. అందులో పాఠాలన్నీ చూసేవారిని ఉద్దేశించినవే. ఎదిరించి పోట్లాడమని ఎవరినీ అడగరు. నవ్వకుండా ఉండటం, బాధితుడి పక్కన కూర్చుని భోజనం చేయడం, టీచరుకు చెప్పడం వంటి చిన్న పనులనే సాధన చేయిస్తారు. వేధింపు బయటపడినప్పుడు, తరగతిలో మంచి పేరున్న ఇద్దరు ముగ్గురు పిల్లలను పిలిచి, బాధితుడికి తోడుగా ఉండమని టీచరు కోరతారు. మన బడుల్లో క్లాస్ లీడర్లకు అల్లరి చేసేవారి పేర్లు బోర్డు మీద రాసే పని అప్పగిస్తాం. దాని బదులు ఈ పని ఇచ్చిన చోట ఖర్చేమీ లేకుండానే తరగతి వాతావరణం మారడం చూశాను.

అపోహ: తిరిగి ఒక్కటిస్తే మళ్లీ జోలికి రారు.

వాస్తవం: బలంలో సమానమైతే అసలు వేధింపే మొదలయ్యేది కాదు. బలహీనుడు తిరగబడితే చాలాసార్లు దెబ్బలు పెరుగుతాయి, పైగా ‘ఇద్దరిదీ తప్పే’ అన్న తీర్పు కూడా వస్తుంది.

అపోహ: ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చేతులు కలిపిస్తే, లేదా టీసీ ఇచ్చి పంపేస్తే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: రాజీ కుదర్చడానికి ఇద్దరి మధ్య తగాదా ఉండాలి. ఇక్కడ ఉన్నది దౌర్జన్యం. ప్రధానోపాధ్యాయుడి గదిలో క్షమాపణ చెప్పినవాడి ముందు బాధితుడు నోరు విప్పలేడు, బయటకు వచ్చాక దానికి మూల్యం చెల్లించవలసి వస్తుందని అతనికి తెలుసు. అందుకే ముందు బాధితుడితో విడిగా, తర్వాత వేధించినవారిలో ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడాలి. ఏం మారాలో స్పష్టంగా ఒప్పించి, కొన్ని రోజుల తర్వాత అది జరిగిందా లేదా అని మళ్లీ పిలిచి అడగాలి. మన బడుల్లో తరచూ వదిలేసేది ఈ చివరి అడుగునే. ఇక బహిష్కరణ సంగతి: అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన నిపుణుల బృందం, తప్పు చేసినవారిని కనికరం లేకుండా బయటకు పంపే విధానాలు బడులను సురక్షితం చేశాయనడానికి ఆధారం లేదని తేల్చింది. ఒకరిని పంపేసినా, నవ్వే తరగతి అలాగే ఉంటే ఆ స్థానంలోకి మరొకరు వస్తారు.

అపోహ: మా అబ్బాయి అలాంటివాడు కాదు.

వాస్తవం: బడి నుంచి ఫిర్యాదు వచ్చినప్పుడు తల్లిదండ్రులకు అవమానంగా అనిపించడం సహజమే. అయినా ఆ ఫిర్యాదును కొట్టిపారేయడం మొట్టమొదట నష్టపరిచేది తమ బిడ్డనే. స్వీడన్‌లో 6 నుంచి 9 తరగతుల్లో ఉండగా తోటివారిని వేధించిన బాలురను ఓల్వియస్ తర్వాత కూడా గమనించగా, సుమారు 60 శాతం మందికి 24 ఏళ్లు వచ్చేలోపు కనీసం ఒక నేరంలో శిక్ష పడినట్టు తేలింది. కబురు రాగానే బెత్తం తీయడం కూడా పరిష్కారం కాదు, బలవంతుడిదే పైచేయి అన్న పాఠమే ఇంట్లోనూ దొరుకుతుంది. ఏం జరిగిందో, ఎవరెవరు అక్కడ ఉన్నారో, ఎదుటి బిడ్డకు అప్పుడు ఎలా ఉండి ఉంటుందో నిదానంగా అడగాలి. పోయిన వస్తువు తిరిగి ఇప్పించడం, వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఫోటోను తీయించి అదే గ్రూపులో తప్పు ఒప్పుకోమనడం వంటి దిద్దుబాటు పనులు చేయించాలి.

బాధితుల తల్లిదండ్రులకు కూడా ఒక మాట. చాలామంది పిల్లలు తమంతట తాము చెప్పరు. ఆదివారం రాత్రి వచ్చే కడుపునొప్పి, తరచూ మాయమయ్యే పెన్నులు, ఇంటికి వచ్చేదాకా మూత్రం ఆపుకోవడం, సెలవుల తర్వాత హాస్టలుకు వెళ్లనని మొరాయించడం కనిపిస్తే, ‘ఎవరైనా కొట్టారా?’ అని కాకుండా ‘మధ్యాహ్నం ఎవరితో కూర్చుని తింటున్నావు? బస్సులో నీ పక్కన ఎవరు కూర్చుంటారు?’ అని అడగండి. జరిగినవాటిని తేదీలతో రాసిపెట్టి, ప్రధానోపాధ్యాయుడికి లిఖితపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. బడి స్పందించకపోతే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు, పిల్లవాడి మాటల్లో బతుకు మీద విరక్తి వినిపిస్తే ఆ క్షణమే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అయిన 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి.