ఏడో నంబరు రోడ్డు ఎక్కడికి పోయింది?

గుత్తిలో టీ కొట్టు దగ్గర ఒక లారీ డ్రైవరు ఇంకో డ్రైవరుకు దారి చెబుతుంటే విన్నాను. "ఊళ్ళోకి పోవద్దన్నా, ఇట్లే ఏడో నంబరు ఎక్కేయ్, డోన్, కర్నూలు, సీదా హైదరాబాదే." ఆయన వెనకాలే రోడ్డు మీద పెద్ద బోర్డు ఉంది. దాని మీద 44 అని రాసుంది. చెప్పే ఆయన దాన్ని చూడలేదు, వినే ఆయనకు అనుమానం రాలేదు. ఏడంటే ఏ రోడ్డో ఇద్దరికీ తెలుసు.

నిజానికి ఏడో నంబరు జాతీయ రహదారి ఇప్పుడు మన దగ్గర లేదు. పంజాబులో, పాకిస్తాన్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఫాజిల్కాలో బయల్దేరి, డెహ్రాడూన్, రిషికేశ్ మీదుగా బద్రీనాథ్ కూడా దాటి మానా అనే ఊరి దాకా పోతోంది. విశాఖ, రాజమండ్రి వాళ్ళు ఇప్పటికీ ఎన్‌హెచ్ ఫైవ్ అనే ఐదో నంబరు ఫిరోజ్‌పూర్ నుంచి సిమ్లా మీదుగా టిబెట్ సరిహద్దులోని షిప్కిలా కనుమకు చేరింది. హైదరాబాదు నుంచి విజయవాడకు వెళ్ళే తొమ్మిదో నంబరు ఢిల్లీ మీదుగా ఉత్తరాఖండ్‌లో పిథోరాగఢ్ కొండలెక్కింది. మూడూ కూడబలుక్కుని తీర్థయాత్రకు పోయినట్టుంది.

రోడ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, మారింది వాటి పేర్లు. 2010లో కేంద్ర ప్రభుత్వం దేశంలోని జాతీయ రహదారులన్నిటికీ కొత్త నంబర్లు ఇచ్చింది. అందుకు కారణం తెలియాలంటే పాత లెక్క ఎలా ఉండేదో చూడాలి.

పాత పద్ధతిలో ఏ రోడ్డును ఎప్పుడు జాతీయ రహదారిగా ప్రకటిస్తే అప్పుడు తర్వాతి అంకె ఇచ్చుకుంటూ పోయారు. మొదటి పది రోడ్లలో ఏదో వరస కనిపిస్తుంది కానీ ఆ తర్వాత అదీ లేదు. పాత 16 నిజామాబాద్ నుంచి జగదల్‌పూర్ వెళ్ళేది. 17 గోవా, మంగళూరు మీదుగా పడమటి తీరం వెంబడి పోయేది. 18 కర్నూలు నుంచి చిత్తూరుకు. వరసగా ఉన్న మూడు అంకెలకూ మూడు దిక్కులు! అంకె చూసి రోడ్డు ఎక్కడుందో చెప్పడం ఎవరి తరమూ కాదు, బట్టీ పట్టాల్సిందే. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి తిన్నగా దక్షిణానికి రావాలంటే 1ఎ, 1, 2, 3, 75, 26, 7 అని ఏడు నంబర్లు మారాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ దారంతా 44 ఒక్కటే. చివరిదైన ఏడు వారణాసిలో పుట్టి నాగపూర్, హైదరాబాదు, బెంగళూరు మీదుగా కన్యాకుమారి చేరేది. పొడవు 2,369 కిలోమీటర్లు. అప్పట్లో దేశంలో అన్నిటికన్నా పొడవైన రహదారి అదే.

కొత్త పద్ధతి చూస్తే నాకు గళ్ళ నుడికట్టు గుర్తొస్తుంది. అందులోలాగే ఇందులోనూ అడ్డం, నిలువు ఉన్నాయి. ఉత్తర దక్షిణాలుగా పోయే రోడ్లు నిలువు, వాటికి సరి సంఖ్యలు. తూర్పు పడమరలుగా పోయేవి అడ్డం, వాటికి బేసి సంఖ్యలు. సరి సంఖ్యలు తూర్పు నుంచి పడమటికి పోయేకొద్దీ పెరుగుతాయి. బేసి సంఖ్యలు ఉత్తరం నుంచి దక్షిణానికి దిగేకొద్దీ పెరుగుతాయి. అందుకే లద్దాఖ్, కాశ్మీరు వైపు ఒకటి, అటు ఈశాన్యంలో రెండు. మన ఐదు, ఏడు, తొమ్మిది హిమాలయాలకు ఎందుకు పోయాయో ఇప్పుడు అర్థమైపోయింది కదా. బేసి సంఖ్యలు, పైగా చిన్నవి. వాటి చోటు అక్కడే.

కాగితం మీద నియమం చదివితే పెద్దగా ఏమీ అనిపించదు. బండిలో కూర్చుని చూస్తే మజా. పెన్‌గంగ దాటి ఆదిలాబాద్ వైపు నుంచి 44 మీద తెలంగాణలోకి దిగండి. నిర్మల్‌లో 61 తగులుతుంది. ఆర్మూరులో 63 అడ్డం వస్తుంది. హైదరాబాదులో 65. కృష్ణ, తుంగభద్ర దాటుకుని గుత్తికి వస్తే 67. కర్ణాటకలోకి పోయి చిక్కబళ్ళాపురంలో 69. బెంగళూరులో 75. నిచ్చెన మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగినట్టు ఉంటుంది. ఈ నిచ్చెనలో 71 ఏదని అడగొచ్చు. అది మదనపల్లె నుంచి తిరుపతి మీదుగా నాయుడుపేట పోయే రోడ్డు. 44 దాకా రాదు. కానీ దేశపటంలో చూస్తే సరిగ్గా తన మెట్టు మీదే ఉంది.

ఇప్పుడు అడ్డంగా పోదాం. బందరులో బయల్దేరి 65 మీద పడమటికి. విజయవాడలో 16 వస్తుంది. ఊరు దాటీ దాటగానే ఇబ్రహీంపట్నంలో 30, అంటే భద్రాచలం, జగదల్‌పూర్, రాయపూర్ మీదుగా ఉత్తరాఖండ్ దాకా పోయే రోడ్డు. హైదరాబాదులో 44. కర్ణాటకలో హుమ్నాబాద్ దగ్గర 50. షోలాపూర్‌లో 52. మధ్యలో 40, 42 ఏమయ్యాయంటే, ఒకటి కర్నూలు నుంచి, ఇంకొకటి అనంతపురం నుంచి ఆగ్నేయంగా పోతాయి. మన దారికి అవి కిందనే ఉండిపోయాయి. వాటి వరస మాత్రం తప్పలేదు. 44కు తూర్పున 42, దానికి తూర్పున 40.

అంటే ఎవరైనా "44, 65 కలిసే చోట ఉన్నాను" అంటే ఊరి పేరు చెప్పనక్కర్లేదు, హైదరాబాదే. 16, 65 అంటే బెజవాడ. రెండు అంకెలు చాలు. అక్షాంశం, రేఖాంశం చెప్పినట్టే, కాకపోతే తారు రోడ్డు మీద.

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళకు ఇది ఎక్కడో చూసినట్టే అనిపిస్తుంది. అక్కడి ఇంటర్‌స్టేట్ రోడ్లకూ ఇలాంటి లెక్కే ఉంది, కాకపోతే తిరగేసి. అక్కడ నిలువు రోడ్లు బేసి, అడ్డం రోడ్లు సరి. పసిఫిక్ తీరంలో 5, అట్లాంటిక్ తీరంలో 95. డల్లాస్ మధ్యలోంచి పోయే 35 ఈ రెండింటి నడుమ. అక్కడ కారు నడిపి, సెలవులకు ఇక్కడికొచ్చి స్టీరింగు పట్టుకునేవాళ్ళు ఎడమ కుడి ఒక్కటే కాదు, సరి బేసి కూడా మార్చుకోవాలి.

సరే, గళ్ళు ఇంత పొందిగ్గా ఉంటే ఇక గొడవేముంది అనుకోకండి. షోలాపూర్ దాటి 65 చివర పుణెకి వెళ్తే అక్కడ తగిలేది 48. 52 దాటి ఇంకా పడమటికి వచ్చాం కాబట్టి 52కన్నా పెద్ద అంకె రావాలి. రాలేదు. ఎందుకంటే 48 నిలువూ కాదు, అడ్డమూ కాదు. ఢిల్లీలో బయల్దేరి జైపూర్, అహ్మదాబాద్ మీదుగా ముంబై దాకా నైరుతికి పోతుంది. అక్కడ మలుపు తిరిగి పుణె, బెంగళూరు మీదుగా చెన్నైకి, అంటే ఆగ్నేయానికి వస్తుంది. వాజ్‌పేయి హయాంలో మొదలుపెట్టిన 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజిలో రెండు భుజాలను ఈ ఒక్క నంబరే మోస్తోంది. విల్లులా వంగిన రోడ్డును గళ్ళ కాగితంలో ఏ గడిలో పెడతారు? మన 16 మాత్రం ఏమంత నిటారుగా ఉంది గనక. కలకత్తా నుంచి చెన్నైకి తీరం ఎటు వంగితే అటు వంగుతుంది.

రోడ్లు నంబర్లకన్నా చాలా పాతవి కావడమే దీనికి కారణం. 65 తూర్పు కొసనే తీసుకోండి. పదిహేడో శతాబ్దంలోనే గోల్కొండకూ మచిలీపట్నం రేవుకూ మధ్య వర్తకుల బాట ఉండేది. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే తిరిగిన దారుల్లో అదొకటి. నదిని ఎక్కడ దాటొచ్చో, ఏ రెండు గుట్టల మధ్య ఎడ్లబండి పడుతుందో చూసుకుని పడిన దారులవి. తర్వాత వాటి మీద కంకర పడింది, ఆ తర్వాత తారు. నంబరు పడింది అన్నిటికన్నా ఆఖర్న. గళ్ళకు తగ్గట్టు రోడ్లు వేయలేదు, ఉన్న రోడ్ల మీద గళ్ళు పరిచారు. అక్కడక్కడా ముడతలు పడక ఏం చేస్తాయి?

ఇంకో చిక్కు అంకెలు చాలకపోవడం. రెండంకెల లోపు సంఖ్యలు తొంభై తొమ్మిదే. దేశం నిండా రోడ్లున్నాయి. అందుకని పెద్ద రోడ్లకు మాత్రమే ఒకటి రెండు అంకెల సంఖ్యలిచ్చి, వాటి కొమ్మలకు మూడంకెలు పెట్టారు. మూడంకెల్లో చివరి రెండూ తల్లి రోడ్డువి. మొదటిది పిల్ల నంబరు. ఉదాహరణకు 216. కత్తిపూడి దగ్గర 16ను వదిలి కాకినాడ, అమలాపురం, నరసాపురం, బందరు, చీరాల మీదుగా సముద్రం పక్కనే నడిచి, ఒంగోలు దగ్గర మళ్ళీ తల్లి దగ్గరికే చేరుతుంది. శ్రీశైలం వెళ్ళే 765, నకిరేకల్ దగ్గర విడిపోయే 365, రెండూ 65 పిల్లలే. వరంగల్ రోడ్డు నంబరు 163. దాని తల్లి 63 హైదరాబాదు చుట్టుపక్కల కనిపించదు. వరంగల్, ములుగు దాటి, గోదావరి దాటి, ఛత్తీస్‌గఢ్‌లో భూపాలపట్నం చేరితే గానీ తల్లీబిడ్డలు కలుసుకోరు.

ఒక తల్లికి తొమ్మిది మంది పిల్లల దాకా ఈ లెక్క నడుస్తుంది. ఆ తర్వాత? పక్కన అక్షరాలు తగిలించడమే. అనంతపురం నుంచి గుంటూరు వచ్చేది 544డి. సూర్యాపేట నుంచి ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట మీదుగా పోయేది 365బిబి. ఇది ఇంటి నంబర్ల వ్యవహారంలా తయారైంది. తాత కట్టిన ఇంటిని కొడుకులు, మనవలు పంచుకుని ఒక్కో వాటాకు ఎ, బి, ఎ/1 అని రాసుకున్నట్టు. 2014లో జాతీయ రహదారుల మొత్తం పొడవు 91 వేల కిలోమీటర్ల పైచిలుకు. ఇప్పుడు లక్షా 46 వేలు. ఇంత పెరుగుదల తట్టుకునేంత జాగా ఆ గళ్ళలో పెట్టుకోలేదేమోనని నా అనుమానం.

పెరిగిన పొడవంతా అడవులు కొట్టి కొత్తగా వేసింది కాదు. అందులో చాలా భాగం అప్పటికే ఉన్న రోడ్లకు హోదా పెంచడం. మైలురాయి చూస్తే తెలిసిపోతుంది. తల పసుపుగా ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి. ఏడాది క్రితం ఆకుపచ్చగా చూసిన రాయి పసుపు రంగుకు మారిందంటే ఆ రోడ్డు ఖర్చు రాష్ట్రం నుంచి కేంద్రం ఖాతాలోకి పోయిందన్నమాట. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో జాతీయ రహదారులు కేంద్ర జాబితాలో ఉన్నాయి, మిగతా రోడ్లు రాష్ట్రాల జాబితాలో. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తన రహదారులకు ఒకటి నుంచి నంబర్లు వేసుకుంటుంది. తెలంగాణలో ఒకటో నంబరు రాష్ట్ర రహదారి అంటే కరీంనగర్ మీదుగా పోయే రాజీవ్ రహదారి. సరిహద్దు దాటితే పక్క రాష్ట్రంలో ఇంకో ఒకటో నంబరు ఉంటుంది. పసుపు రాయికి ఆ ఇబ్బంది లేదు. పంజాబులోనూ పెనుకొండలోనూ 44 అంటే 44.

రోడ్లను ఇలా తరగతులుగా విడదీయాలన్న ఆలోచన స్వాతంత్ర్యానికి ముందుది. 1943లో చీఫ్ ఇంజనీర్లంతా నాగపూర్‌లో కూర్చుని జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ రోడ్లని విభజించి ఇరవై ఏళ్ళ ప్రణాళిక గీశారు. వ్యవసాయం బాగా సాగే ప్రాంతంలో ఏ ఊరూ పెద్ద రోడ్డుకు ఐదు మైళ్ళకన్నా దూరంలో ఉండకూడదన్నది వాళ్ళ లక్ష్యం. ఆ మ్యాపుల్లోనూ రోడ్లు పోయేది నక్షత్రం కిరణాల్లానో, గళ్ళలానో.

నంబరు వల్ల మామూలు ప్రయాణికుడికి ఏం లాభం అంటే నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక రాత్రి సూర్యాపేట దాటాక కారు ఆగిపోయింది. చుట్టూ చీకటి, ఫోన్లో మ్యాపు తెరుచుకోవట్లేదు, వెనక పిల్లలు, కాస్త టెన్షన్‌గానే ఉంది. రహదారి సాయం కోసం 1033కి ఫోన్ చేస్తే అవతల అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, "కిలోమీటరు ఎంత సార్?" టార్చి వేసుకుని వెతికితే డివైడరు దగ్గర చిన్న బోర్డు మీద అంకె కనిపించింది. రోడ్డు నంబరు, కిలోమీటరు నంబరు చెప్పగానే ఇక ఊరి పేరు, గుర్తులు ఏమీ అడగలేదు.

ఈ కిలోమీటరు లెక్కను రోడ్ల ఇంజనీర్లు ఛైనేజీ అంటారు. గొలుసు పట్టుకుని భూమి కొలిచిన రోజుల నుంచి వచ్చిన మాట. మన పొలాల సర్వేలో గొలుసు, లింకులు అంటామే, ఆ గొలుసే. కల్వర్టు గోడల మీద 125/3 లాంటి అంకెలు చూసే ఉంటారు. 125వ కిలోమీటరులో మూడో కల్వర్టు అని అర్థం. తూము చిన్నదైనా దానికీ చిరునామా ఉంది. ఈ సంగతి తెలిశాక బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే నిద్ర పట్టదు, తూములు లెక్కపెట్టడమే పనైపోతుంది.

గుత్తి డ్రైవరు దగ్గరికి మళ్ళీ వస్తే, ఆయన టీ తాగి బండెక్కుతుంటే అడిగాను, ఆ 44 బోర్డు ఎప్పుడైనా చూశావా అన్నా అని. "చూడకేం, అది గవర్నమెంటోళ్ళ నంబరు" అన్నాడు. మరి దాన్ని అడ్డంగా దాటే 67కు ఏమంటారంటే, దానికసలు నంబరుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. పడమటి వైపు చెయ్యి చూపించి బళ్ళారి రోడ్డు అన్నాడు, తూర్పుకు చూపించి తాడిపత్రి రోడ్డు అన్నాడు. ఆయన లెక్కలో అవి రెండు రోడ్లు.