కాకి వాలింది, తాటిపండు పడింది

చిరంజీవులైన మనవడికీ, మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో మాట్లాడినప్పుడు, ఒక మనిషి వింత కోటు తొడుక్కుని ఈఫిల్ టవర్ మీదనుంచి దూకి చనిపోయిన పాత ఫిల్ము చూశామనీ, మీ స్నేహితులంతా పగలబడి నవ్వారనీ చెప్పారు. అంత తెలివితక్కువ మనిషి నిజంగా ఉంటాడా అని అడిగారు. అది ఫోనులో రెండు మాటలు చెప్పి వదిలేసే సంగతి కాదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆయన పేరు ఫ్రాంజ్ రైషెల్ట్. బొహీమియా ప్రాంతంలో పుట్టి, బతుకుతెరువు కోసం పారిస్ చేరి, ఆడవాళ్ళ దుస్తులు కుట్టే దర్జీగా స్థిరపడ్డాడు. విమానాలు అప్పుడప్పుడే ఎగరడం నేర్చుకుంటున్న కాలమది. ఇంజను చెడితే పైలట్ ప్రాణాలు దక్కే దారి ఉండేది కాదు. విమానంలో మామూలు కోటులాగా తొడుక్కుని కూర్చుని, ఆపద వచ్చినప్పుడు దూకితే గొడుగులా విచ్చుకునే దుస్తు ఒకటి కుట్టాలని ఆయన సంకల్పించాడు. తన చేతికి వచ్చిన పనితో ఇతరుల ప్రాణాలు కాపాడాలనుకున్న మనిషిని చూసి నవ్వడానికి నాకు మనసు రాదు.

మొదట్లో ఆయన పట్టుగుడ్డ రెక్కలు తగిలించి తన మేడ మీదనుంచి వదిలిన బొమ్మలు మెల్లగానే నేలకు దిగాయి. ఆ గుడ్డను మనిషి తొడుక్కునే దుస్తుగా మార్చేసరికి మాత్రం ఏదీ సరిగా విచ్చుకోలేదు. ఒకసారి ఆయనే దూకి చూశాడు, కింద గడ్డి పరిచి ఉండబట్టి దెబ్బ తగలలేదు. చిన్నప్పుడు నేనూ మా నాన్నగారి నల్లగొడుగు పట్టుకుని గడ్డివాము మీదనుంచి దూకాను. కాళ్ళు గాలిలోకి లేచాయో లేదో గొడుగు తిరగబడి, ఊచలన్నీ ఆకాశం వైపు లేచిపోయాయి, చేయి బెణికింది. ఆ మధ్యాహ్నం నాకు కలిగిన ఆలోచన ఇప్పటికీ గుర్తుంది: గడ్డివాము చాలలేదు, ఇంకా ఎత్తు నుంచి దూకి ఉంటే గొడుగు నిలబడేదేమో! రైషెల్ట్‌కూ సరిగ్గా అదే తోచింది. లోపం కోటులో లేదు, ఎత్తు తక్కువ కావడంలోనే ఉందనుకున్నాడు. ఆ ఆలోచన పూర్తిగా తప్పు కూడా కాదు, పారాచూట్ విచ్చుకోవడానికి కొంత వ్యవధి కావాలన్నది నిజమే. సగం నిజాన్ని పూర్తి నిజంగా తీసుకున్నాడు.

1912 ఫిబ్రవరి 4, ఆదివారం ఉదయం, గడ్డకట్టే చలిలో ఆయన ఈఫిల్ టవర్ దగ్గరకు వచ్చాడు. పోలీసులు అనుమతి ఇచ్చింది బొమ్మతో పరీక్ష చేయడానికి. తానే దూకుతానని ఆయన అక్కడికి వచ్చిన తరువాత చెప్పాడు. స్నేహితులు వద్దన్నారు. అంతకుముందు అలాంటి పరీక్షలు చేసిన హెర్వియూ అనే ఆయన, ఆ గుడ్డ విచ్చుకునేంత వ్యవధి ఉండదని స్పష్టంగా చెప్పాడు. మొదటి అంతస్తు ఎత్తు 57 మీటర్లు. మీరు చదువుకున్న సూత్రంతో లెక్క కట్టి చూడండి, ఆ ఎత్తు నుంచి నేలను తాకడానికి మూడున్నర సెకన్లకు మించి పట్టదు. ఆయన బల్ల మీద వేసిన స్టూలు ఎక్కి, ఒక కాలు పిట్టగోడ మీద పెట్టి, దాదాపు 40 సెకన్లు అలాగే నిలబడ్డాడు. ఒకసారి కిందికి చూశాడు, ఒకసారి ముందుకు వంగి వెనక్కి తగ్గాడు. కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి, కింద పత్రికలవాళ్ళు, జనం తలలెత్తి ఎదురు చూస్తున్నారు. ఆ తరువాత దూకాడు, గుడ్డ ఒంటికే చుట్టుకుపోయింది.

ఇలాంటి చావుల గురించి విన్నప్పుడు మన పెద్దలు 'వినాశకాలే విపరీతబుద్ధిః' అనేస్తారు. ఈ ఒక్క విషయంలో ఆ మాట నాకు సరిపడదు. ఆ 40 సెకన్లలో ఆయన బుద్ధి విపరీతంగా లేదు, అది వెనక్కి రమ్మనే చెబుతోంది. రమ్మన్నా రాలేకపోవడానికి కారణం కింద ఎదురుచూస్తున్న జనమేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

దీనికి రెండు రోజుల ముందు, ఫిబ్రవరి 2న, అమెరికాలో ఫ్రెడరిక్ లా అనే ఆయన స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ దివిటీ దగ్గర నుంచి పారాచూట్‌తో దూకి బతికి బయటపడ్డాడు. ఆ విగ్రహం లోపలి ఇనుప కట్టడానికి రూపకల్పన చేసింది కూడా గుస్తావ్ ఈఫిలే. ఒకే ఇంజనీరు చేయి పడ్డ రెండు కట్టడాల నుంచి రెండు రోజుల తేడాలో ఇద్దరు దూకడం, ఒకరు దక్కడం, ఒకరు పోవడం! దీనికి మన భాషలో చక్కని మాట ఉంది, కాకతాళీయం. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో పండు రాలింది. కాకి బరువుకు పండు రాలలేదు, పండు కోసం కాకి వాలనూ లేదు. రెంటినీ ఒకేసారి చూసిన మనిషే వాటిని కలిపి కథ చెప్పుకున్నాడు.

కాకతాళీయానికీ, నిజమైన కారణానికీ ఉన్న తేడా మరింత బాగా తెలియాలంటే, మొదటి ప్రపంచయుద్ధానికి దారితీసిన హత్య జరిగిన రోజున, 1914 జూన్ 28న, బోస్నియాలోని సరయేవో నగరంలో ఏం జరిగిందో చూడాలి. ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ కారు మీదకు ఉదయం ఒకడు బాంబు విసిరాడు. అది గురి తప్పి వెనుక కారులోని వాళ్ళను గాయపరిచింది. టౌన్ హాలులో సభ ముగిశాక, గాయపడిన అధికారిని ఆసుపత్రిలో చూసి వెళ్ళాలని యువరాజు పట్టుబట్టాడు. అందుకోసం నది పక్క దారిలోనే నేరుగా వెళ్ళాలని నిర్ణయించారు, కానీ ఆ మాట డ్రైవర్లకు చేరలేదు. లాటిన్ వంతెన దగ్గర కారు పాత పథకం ప్రకారం కుడివైపు తిరిగింది. ముందు కూర్చున్న గవర్నరు పోటియోరెక్ ఇది దారి కాదని కేక వేయగానే డ్రైవరు బ్రేకు వేశాడు. ఆగిన కారుకు కొద్ది అడుగుల దూరంలో 19 ఏళ్ళ గావ్రిలో ప్రిన్సిప్ పిస్తోలుతో నిలబడి ఉన్నాడు. రెండే గుళ్ళు పేల్చాడు, యువరాజూ ఆయన భార్యా చనిపోయారు. అతడు అప్పుడు శాండ్‌విచ్ కొనుక్కుంటున్నాడని చెప్పే కథకు ఆనాటి సాక్ష్యాల్లో ఆధారం లేదు, నమ్మకండి.

ఆ కారు ఇప్పుడు వియన్నా సైనిక మ్యూజియంలో ఉంది. దాని నంబరు 'A III 118'. A అంటే ఆర్మిస్టిస్ (ఇంగ్లీషులో కాల్పుల విరమణ) అనీ, మిగతాది మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన 11-11-18 తేదీ అనీ, అది అందులో ముందే రాసి ఉందనీ చాలామంది ఆశ్చర్యపోతారు. అయితే కాల్పుల విరమణకు జర్మన్ భాషలో వాడే మాట 'A' అనే అక్షరంతో మొదలు కాదు. ఆస్ట్రియాకు సంబంధించిన విరమణ ఒప్పందం జరిగింది నవంబరు 3న. తీరా చూస్తే అక్కడ ఉన్నది కాకి, తాటిపండు మాత్రమే.

నంబరు పలక గురించి పుటలకు పుటలు రాసినవాళ్ళున్నారు. నన్ను మాత్రం ఆ చేరని కబురే వెంటాడుతుంది. అంతకు కొద్దిసేపటి క్రితమే బాంబు పడిన ఊరిలో, దారి మార్చాలని ఇంతమంది పెద్దలు కూర్చుని నిర్ణయించి, స్టీరింగు పట్టుకున్న మనిషికి ఆ ఒక్క మాట చెప్పకుండా బయలుదేరారు. నంబరు ఏదైనా ఆ కారు ఆ మలుపు తిరిగేదే.

వేసవి సెలవులకు మీరిద్దరూ వచ్చినప్పుడు ఆ ఫిల్మును మళ్ళీ ఒకసారి కలిసి చూద్దాం. ఈసారి దూకడం చూడకండి. ఆయన పిట్టగోడ మీద కాలు పెట్టినప్పటినుంచి మనసులో సెకన్లు లెక్కపెడుతూ, ఆయన పక్కన నిలబడి ఉన్న ఇద్దరు మనుషుల చేతులను చూడండి.

ఇట్లు,
మీ తాతయ్య