పెరట్లో బిళ్లగన్నేరు, వార్డులో విన్‌క్రిస్టిన్: క్యాన్సర్ రోగుల మూలికల వెనక నూరేళ్ళ కథ

2024 నవంబరులో మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ విలేఖరులను పిలిచి, తన భార్యకు నాలుగో దశ క్యాన్సర్ తగ్గిపోయిందని చెప్పారు. అందరూ సంతోషించాల్సిన కబురే. అయితే జనం చెవిన పడింది మాత్రం వేపాకు, పచ్చిపసుపు, నిమ్మరసం సంగతి. ఆమెకు ఆపరేషన్ జరిగింది, కీమో ఎక్కించారు అన్న ముక్క ఫార్వర్డుల్లో ఎక్కడో రాలిపోయింది. రెండ్రోజుల్లోనే టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన పాత, కొత్త క్యాన్సర్ డాక్టర్లు 262 మంది కలిసి ప్రకటన ఇచ్చారు. ఈ మాటలకు గట్టి ఆధారాల్లేవు, నమ్మి వైద్యం ఆలస్యం చేసుకోవద్దు అని అందులో కోరారు. మొదటి వీడియో తిరిగినంతగా ఈ ప్రకటన మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిందని నేననుకోను.

మూలికలా, ఆసుపత్రి మందులా అన్న ఈ తగువు కొత్తదేం కాదు. తెలుగువాళ్ళకు దీంతో చుట్టరికం కూడా ఉంది.

దేశీయ వైద్యాన్ని ఏం చేయాలో తేల్చమని మద్రాసు ప్రభుత్వం 1921లో మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షుడిగా ఒక కమిటీ వేసింది. దాని ఫలితంగా 1925లో స్కూల్ ఆఫ్ ఇండియన్ మెడిసిన్ వచ్చింది. ఆ కాలపు వాదోపవాదాల్లో ముందు నిలిచినవారు ఆచంట లక్ష్మీపతి. ఇంగ్లీషు వైద్యం చదివి ఆయుర్వేదం వైపు వచ్చిన మనిషి. మద్రాసులో లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పిన భీమవరం కుర్రవాడే యల్లాప్రగడ సుబ్బారావు. సుబ్బారావు అన్నదమ్ములను పొట్టన పెట్టుకున్న స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయనకూ వస్తే, కుదుటపరిచింది లక్ష్మీపతి మందులే. 1923లో సుబ్బారావు అమెరికా వెళ్ళారు. లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను తయారుచేసింది. తర్వాత ఆ ఆమ్లం పని సాగనివ్వని అమినోప్టెరిన్‌నూ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని ల్యుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే, 10 మందిలో కొంతకాలంపాటు గుణం కనిపించింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఈనాటికీ వాడుతున్న కీమో మందు మెథోట్రెక్సేట్ అమినోప్టెరిన్‌కు తోబుట్టువే. కీమో అంటే పరాయివాళ్ళు మన మీదికి తోలిన విషం అని యూట్యూబ్‌లో గొంతు చించుకునేవాళ్ళలో ఎందరికి ఈ సంగతి తెలుసో!

బిళ్లగన్నేరు కథ ఇంకా విచిత్రం. పుట్టిల్లు మడగాస్కర్. మన ఊళ్ళలో పెరళ్ళలోనూ గోడవారనూ నీళ్ళు పోయకపోయినా పూస్తుంది. షుగరున్నవాళ్ళు పొద్దున్నే దాని ఆకులు నమలడం మనకు తెలిసిందే. జమైకాలోనూ అదే అలవాటు. 1952లో అక్కణ్నుంచి కెనడాలోని క్లార్క్ నోబుల్ అనే డాక్టరుకు కవరులో 25 ఆకులు వచ్చాయి. ఆయన వాటిని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న తమ్ముడు రాబర్ట్‌కు పంపించాడు. ఆకు కషాయం తాగిన ఎలుకల్లో షుగరు తగ్గలేదు. సూదితో ఎక్కిస్తే ఎలుకలు చచ్చిపోవడం మొదలెట్టాయి, అదీ షుగరు పడిపోయి కాదు, ఇన్ఫెక్షన్ వచ్చి. చూస్తే వాటి ఒంట్లో తెల్ల కణాలు అడుగంటాయి. తెల్ల కణాలను ఇంతగా తుడిచిపెట్టేది, ఆ కణాలే అదుపు తప్పి పెరిగే ల్యుకేమియాలో పనికిరాదా అన్న ఆలోచన అప్పుడు పుట్టింది. చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి రాబర్ట్ ఆ ఆకు నుంచి వేరుచేసిన విన్‌బ్లాస్టిన్ అనే మందు సంగతి 1958లో బయటపెట్టారు. అదే ఆకు మీద విడిగా పనిచేస్తున్న ఎలి లిల్లీ కంపెనీ నుంచి విన్‌క్రిస్టిన్ వచ్చింది. 1963లో అమెరికా దానికి అనుమతిచ్చింది. పిల్లల ల్యుకేమియా చికిత్సలో ఇవాళ్టికీ అది లేనిదే పని జరగదు.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఎందుకంటే ‘కీమో మందు ఈ ఆకుదే కదా, ఆకే తింటే పోలా’ అన్న వాదం సరిగ్గా ఇక్కడే మొలుస్తుంది. ఒక్క గ్రాము విన్‌క్రిస్టిన్ తీయడానికి ఎండుటాకు సుమారు అర టన్ను కావాలి. పెద్దవాళ్ళకైనా ఒక్కసారికి మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు, దాటితే నరాలు దెబ్బతింటాయి. ఎక్కించేది రక్తనాళంలోకే. పొరపాటున వెన్నులోకి పోతే ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. అలాంటి పదార్థం గుప్పెడు ఆకులో ఎంతుంది, నమిలితే ఒంటికి ఎంత పడుతుంది, దాంతోపాటు ఆకులో ఉన్న డజన్లకొద్దీ ఇతర ఆల్కలాయిడ్లు (ఒంటి మీద గట్టిగా పనిచేసే మొక్కల రసాయనాలు) ఏం చేస్తాయి అన్నవి పెరట్లో తేలే లెక్కలు కావు.

అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1960 నుంచి 1982 దాకా సుమారు 35 వేల మొక్కల నమూనాలను జల్లెడ పట్టించింది. మందుగా నిలబడినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. వాటిలో పేరున్నది యూ అనే చెట్టు బెరడు నుంచి తీసిన టాక్సాల్. దాని నిర్మాణాన్ని మన్సుఖ్ వానీ, మన్రో వాల్ 1971లో ప్రకటించారు. అది రోగులకు అందేసరికి 1992. హిమాలయాల్లోనూ యూ చెట్టు బంధువుల బెరడు, ఆకుల కోసం అడవుల మీద పడ్డారు. మన పసుపు సంగతి వేరు. గాయం మాన్పే గుణం మీద అమెరికా ఇచ్చిన పేటెంటును మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ 1997లో రద్దు చేయించాక అది దేశాభిమానం సంగతైపోయింది. ఆ ఉత్సాహం క్యాన్సర్ దాకా పాకింది. గాజుపళ్ళెంలోని కణాల మీద పసుపులోని కర్క్యుమిన్ చేసి చూపించిన అద్భుతాలేవీ రోగుల మీద నమ్మకంగా రుజువు కాలేదు.

రుజువు లేదని జనానికి చెప్పేవాళ్ళు తక్కువేం కాదు. అయినా ఎందుకు పోతారు? హైదరాబాద్‌లో ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జే 1955లో మొదలైంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చేదాకా జిల్లాల్లోని పేదవాడికి కీమో అంటే పొలం అమ్ముకోవడమే. కత్తి తగిలితే గడ్డ పాకుతుందన్న భయం, కరెంటు (రేడియేషన్) పెడితే ఒళ్ళు మాడుతుందన్న భయం సరేసరి. వీటన్నిటికంటే పెద్ద కారణం ఇంకోటుందని నా నమ్మకం. ‘ఇక చేయగలిగింది లేదు, ఇంటికి తీసుకెళ్ళండి’ అని డాక్టరు చేతులెత్తేసిన రోజున, ‘చూద్దాం’ అనేవాడు పసరు మందు వైద్యుడొక్కడే. నొప్పి తగ్గించే పాలియేటివ్ వైద్యం మన దగ్గర ఇప్పటికీ నగరాలు దాటి పెద్దగా పోలేదు. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా నర్సిపురలో చెట్టుబెరడు పొట్లాల కోసం తెల్లారకముందే కట్టిన వరుసలు అజ్ఞానంతో కట్టినవంటే నేనొప్పుకోను.

చట్టం ఇక్కడ చేసేది తక్కువ. క్యాన్సర్ నయం చేస్తామన్న ప్రకటనలను 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. రోగాలు నయం చేస్తామన్న ప్రకటనల వ్యవహారంలో 2024లో పతంజలి పెద్దలు సుప్రీంకోర్టు ముందు క్షమాపణ చెప్పుకున్నారు. కానీ పిన్నిగారు ప్రేమతో పంపిన లక్ష్మణఫలం వాయిస్ మెసేజ్‌ను ప్రకటన అనలేం.

నష్టం ఎంత? ఆసుపత్రి వైద్యం పూర్తిగా మాని ప్రత్యామ్నాయాలనే నమ్ముకున్న 281 మందిని అమెరికాలో పరిశీలించి 2018లో లెక్కగట్టారు. వైద్యం చేయించుకున్నవాళ్ళతో పోలిస్తే మరణం ముప్పు రెండున్నర రెట్లు, రొమ్ము క్యాన్సర్‌లో ఐదు రెట్లకు పైనే. మన దగ్గర పూర్తిగా మానేసేవాళ్ళకంటే రెండూ కలిపి వాడేవాళ్ళే ఎక్కువగా కనిపిస్తారు. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ తెగ తాగి కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబయి డాక్టర్లు 2021లో ప్రచురించారు. కీమో మందుల్లో చాలావాటిని కరిగించి బయటికి పంపాల్సింది ఆ కాలేయమే. సెయింట్ జాన్స్ వర్ట్ అనే విదేశీ మూలికను ఇరినోటెకాన్ అనే కీమో మందుతో కలిపి వాడితే, రక్తంలో మందు అసలు సత్తువ 42 శాతం పడిపోయినట్టు 2002లోనే తేలింది. ప్లేట్‌లెట్ల కోసం కడిగీ కడగని బొప్పాయి ఆకు దంచి పచ్చిరసం తాగిస్తారు. కీమోతో తెల్ల కణాలు అడుగంటిన ఒంట్లోకి క్రిములను పిలిచినట్టే.

ఇవన్నీ డాక్టరుకు తెలిస్తే సగం సర్దుకునే చిక్కులు. తెలియవు. చెబితే ‘ఎవరు తాగమన్నారు?’ అని అందరి ముందూ అరుస్తారు, అందుకే చెప్పరు. ‘వేరే మందులేమైనా వాడుతున్నావా అమ్మా?’ అంటే లేదంటారు. అబద్ధమూ కాదు, వాళ్ళ దృష్టిలో కషాయం మందు కాదు, వంటింటిది. కేస్ షీట్ రాసేటప్పుడు ‘ఇంట్లో ఏం తాగుతున్నారు, పొట్లం తెచ్చారా?’ అని మెల్లగా అడిగే నర్సుకు మాత్రం జవాబు దొరుకుతుంది.